చేతులెత్తే మలుపు

ఆ పడవ టికెట్టు మీద 'మౌన విహారం' అని ఉంటుంది. ప్రాచీన ఆలయాల నడుమ, మనలోకి మనం చూసుకునే నదీయాత్ర అని దాని కింద చిన్న అక్షరాలు. అయితే రేవు వదిలింది మొదలు మళ్ళీ రేవు చేరేదాకా మైకు మోగుతూనే ఉంటుంది. మనుషులు నిజంగానే నోరు మూసుకుని తమలోకి తాము చూసుకోవడం మొదలుపెడితే రెండోసారి ఎవరూ టికెట్టు కొనరని పడవ యజమానికి బాగా తెలుసు. అందుకే ఆమెను పనిలో పెట్టుకున్న రోజునే ఆయన ఒక్క సూత్రం చెప్పాడు. "గుడి కనిపిస్తే దాని గురించి చెప్పు. కనిపించకపోతే రాబోయే గుడి గురించి చెప్పు. నోరు మాత్రం మూయకు. నువ్వు నోరు మూస్తే వాళ్ళు ఫోన్లు తెరుస్తారు."

అలా ఆమె మైకమ్మ అయింది. పడవ నడిపే సరంగు దగ్గర్నుంచి టికెట్లు చింపేవాడి దాకా అందరికీ మైకమ్మే.

గుళ్ళకు వీపు, జనానికి మొహం పెట్టి నిలబడటం ఆమె ఉద్యోగం. ఏ గుడి ఎప్పుడొచ్చిందో వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు, వాళ్ళ కళ్ళు చెప్తాయి. వెళ్ళేటప్పుడు నది వాలు, వచ్చేటప్పుడు ఎదురు. వాలులో గుళ్ళు గబగబా వెనక్కి జారిపోతాయి కాబట్టి వాక్యాలు పొట్టిగా ఉండాలి. ఎదురులో ఒక్కో గోపురం కదలనని మొండికేస్తుంది కాబట్టి ఒక్కో రాజుకీ ఇంకో ఇద్దరు భార్యల్ని తగిలించి వాక్యం సాగదీయాలి. ఈ కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు. నోరు ఎండిపోయిన కొద్దీ అదే వచ్చింది.

పడవ దూరం వెళ్ళి వెనక్కి తిరిగే మలుపు దగ్గర ఒక గుడి ఉంది. పైకప్పు లేదు. లోపల ఒక అమ్మవారి విగ్రహం. మెడలో హారాలూ, నడుముకు వడ్డాణమూ, చీర కుచ్చిళ్ళూ, కాలి వేళ్ళ గోళ్ళూ అన్నీ చెక్కారు. మొహం చెక్కలేదు. మెడ పైన గుండ్రటి నున్నటి రాయి, అంతే. ప్రభుత్వం వారు పాతిన పలక మీద 'శిథిలాలయం, కాలం తెలియదు' అని ఉంటుంది. ఆ రాయిలో పగులేదో బయటపడి ఉంటుంది, పని ఆపేసి ఉంటారు. కానీ రాయిలో పగులు కోసం ఏ యాత్రికుడూ కన్నీళ్ళు పెట్టుకోడు.

మైకమ్మ యాత్రికుల చేత కన్నీళ్ళు పెట్టించింది. ఆ కథ ఎక్కడిదో పడవలో ఎవరికీ తెలియదు. అది ఆమె ఇంట్లోది.

తల్లి పోయాక ఆమెను పెంచింది అన్నా వదినా. అన్న వడ్రంగి. ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళకూ తలుపులు బిగించినవాడు, తన ఇంటి బీరువాకు తలుపులు పెట్టలేదు. అరలు చేశాడు, పాలిష్ పెట్టాడు, ముందు గదిలో గోడకు ఆనించాడు. తలుపులు రేపు, రేపు అంటూ వచ్చాడు. వదిన దానికి పాత దుప్పటి అడ్డం కట్టింది. ఒక రోజు స్కూటర్ మీద పనికి వెళ్ళినవాడు లారీ కింద పడ్డాడు. వదినా, ఆడపడుచూ మిగిలారు. బీరువా అలాగే మిగిలింది.

అన్న పోయిన కొన్నాళ్ళకు, ఒక సెలవు మధ్యాహ్నం, ఇద్దరూ ఆరిన దుప్పట్లు మడత పెడుతున్నారు. చెరో రెండు కొసలూ పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపడం. అలా దగ్గరికొచ్చినప్పుడు వదిన ఆగిపోయింది.

"ఆ రోజు పొద్దున నేనొక మాటన్నాను పిల్లా."

"ఏం మాట?"

"'ఆ తలుపులు పెట్టేదాకా నా గుమ్మం తొక్కకు' అన్నాను. నవ్వులాటకి కాదు, కోపంగానే అన్నాను. ఆయన స్కూటర్ తీస్తూ 'సరే మహారాణీ' అన్నాడు. మళ్ళీ తొక్కలేదు." వదిన కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. "తప్పు నాదేనంటావా?"

"ఛ, అవేం మాటలు వదినా? రాసిపెట్టి ఉంది, జరిగింది. నీ తప్పేముంది ఇందులో?"

లోకంలో అందరూ అనే మాటే ఆమె అన్నది. అలాంటి మాటలకు ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, అవి అనడానికి ఆలోచించనక్కర్లేదు. వదిన తల ఊపి రెండో దుప్పటి అందుకుంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమె మాత్రం ఆ రాత్రంతా ఆ మాటను నాలుక కింద పెట్టుకుని పడుకుంది. గుమ్మం తొక్కకు అన్నదట. మా అన్నని. కోపంతో వెళ్ళినవాడు రోడ్డు సరిగ్గా చూస్తాడా?

తెల్లారి మామూలుగానే "వదినా, నా గొడుగేదీ?" అని అడిగి పనికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం పడవ సరిగ్గా ఆ మలుపు దగ్గర ఇసుక మేట మీద ఎక్కి కూర్చుంది. యజమాని పడవలోనే ఉన్నాడు. సరంగు గడకర్ర పట్టుకుని తంటాలు పడుతున్నాడు. జనం గొణుగుతున్నారు. ఎదురుగా మొహం లేని విగ్రహం తప్ప చూపించడానికి ఏమీ లేదు. చెప్పడానికి ఆమె దగ్గరున్న రాజులంతా అప్పటికే అయిపోయారు. యజమాని ఆమె వైపు చూసి, నోటి ముందు చేతి వేళ్ళు చిలక ముక్కులా ఆడించాడు. మాట్లాడు అని.

ఆమె నోరు తెరిచింది. అనగనగా ఒక శిల్పి అంది. ఊరి గుళ్ళన్నిటికీ దేవతల్ని చెక్కినవాడు. ఈ అమ్మవారికి మొహం మాత్రం రేపు, రేపు అంటూ వాయిదా వేస్తున్నాడు. ఒక పొద్దున పెళ్ళాం విసిగిపోయి, 'ఆవిడ మొహం చెక్కేదాకా నీ మొహం నాకు చూపించకు' అంది. ఉలి సంచి భుజాన వేసుకుంటూ అతను ఏమన్నాడో తెలుసా? 'సరే మహారాణీ' అన్నాడు. ఆ రోజే నదికి వరదొచ్చింది.

పడవంతా నిశ్శబ్దమైపోయింది. ఒక పెద్దావిడ ముక్కు చీదింది. ఆ నిశ్శబ్దాన్ని ఎలా ముగించాలో తెలియక ఆమె అడిగేసింది. "ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? శిల్పిదనేవాళ్ళు చేతులెత్తండి." అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. "పెళ్ళానిదనేవాళ్ళు?" చేలో కొంగలు లేచినట్టు లేచాయి చేతులు.

ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది. ఎందుకు పట్టిందో తర్వాత చాలాకాలం ఆమె తనని తాను అడగలేదు.

"ఇంత మంచి కథ ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావేంటమ్మా?" అన్నాడు యజమాని. మర్నాటి నుంచి సరంగు ఆ మలుపు దగ్గర ఇంజను ఆపడం మొదలుపెట్టాడు. పడవ వాళ్ళు దానికి చేతులెత్తే మలుపు అని పేరు పెట్టారు. రెండో పడవలో చేరిన కొత్త అమ్మాయి కూడా ఆ కథే నేర్చుకుంది. ఏళ్ళు గడిచాయి. ఎక్కే జనం మారినా చేతులు ఎప్పుడూ ఒకవైపే లేచేవి. అవతలి మనిషిని పిలవకుండా, ఏం చెప్పుకుంటావని అడగకుండా, సాయంత్రం సాయంత్రం ఒక తీర్పు. ఆ తీర్పు విని ఇంటికొచ్చి, మైకమ్మ ఆ అవతలి మనిషి వడ్డించిన అన్నమే తినేది.

వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలు ఫ్రేముల్లో బిగించడం, మిల్లీమీటరు మరలు తిప్పడం, ముక్కు మీద జారే జోళ్ళ కాళ్ళు వంచడం. దుకాణానికొచ్చిన మనుషుల్ని ముక్కుల లెక్కన గుర్తుపెట్టుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే మొదలుపెడుతుంది. "ఇవాళ ఒకాయన వచ్చాడు పిల్లా, జోడు పోయింది వెతికి పెట్టమంటాడు, నెత్తి మీదే ఉంది." ఇల్లంతా ఆ కబుర్లే. మైకు ఉద్యోగం ఆడపడుచుది గానీ మాట ధాటి వదినదే.

"నన్నెప్పుడు తీసుకెళ్తావే మీ పడవకి?" అని వదిన అడిగినప్పుడల్లా మైకమ్మ దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉండేది. నీకు నీళ్ళ మీద పడదు వదినా. ఎండ వదినా. ఈ నెలంతా రద్దీ వదినా. రోజూ చూసే నాకే విసుగు, నువ్వేం చూస్తావు వదినా.

ఒక రోజు పడవ ఎక్కే చెక్క మీద, దుకాణం వాళ్ళందరితో కలిసి, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని వదిన ఎక్కుతూ కనిపించింది. మైకమ్మ చేతిలో మైకు కీచుమంది.

"మా ఓనరు అందర్నీ తీసుకొచ్చాడు. చెప్తే రావద్దంటావని చెప్పలేదు," అంది వదిన నవ్వుతూ. పక్కనున్న బిల్లుల అమ్మాయితో గర్వంగా, "మా ఆడపడుచు. నేనే పెంచాను," అంది.

"అయితే ముందు వరస మాదే," అంది బిల్లుల అమ్మాయి. కూర్చున్నారు. వదిన సరిగ్గా మైకుకు ఎదురుగా.

మైకమ్మ సరంగు గదిలోకి పరిగెత్తింది. "బాబాయ్, ఇవాళ మలుపు దగ్గర ఆపకు."

"ఏమ్మా, గొంతు బాలేదా?"

"ఆ, బాలేదు."

"అయితే తప్పకుండా ఆపుతాను. కాస్త ఊపిరి తీసుకుంటావు."

"ఆపొద్దంటున్నాను బాబాయ్."

"ఆపకపోతే మీ యజమాని నన్ను ఆపేస్తాడు. అది మన పడవకి అన్నం పెట్టే మలుపు తల్లీ."

వాలులో గుళ్ళు ఎప్పటికన్నా వేగంగా జారిపోయాయి. ఆమె రాజుల పేర్లు తారుమారు చేసింది, ఎవరూ గమనించలేదు. యాత్రికులు గమనించరు. వదిన మాత్రం ప్రతి మాటకూ తల ఊపుతూ, పరీక్ష రాస్తున్న పిల్లను కిటికీలోంచి చూసే తల్లిలా కూర్చుంది. మలుపొచ్చింది. ఇంజను ఆగింది.

విగ్రహాన్ని చూడగానే వదినే మొదట మాట్లాడింది. "అయ్యో, మొహమే లేదు. ఈవిడకి ఏ ఫ్రేము పెడతాం?" దుకాణం వాళ్ళంతా నవ్వారు. "ముక్కుంటే కదా జోడు నిలిచేది," అన్నాడు వాళ్ళ ఓనరు.

మైకమ్మ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది. "ఇది శిథిలాలయం. కాలం తెలియదు. రాయిలో పగులు రావడం వల్ల పని ఆపేసి ఉండొచ్చని పెద్దలంటారు." మైకు దించేసింది. ఉద్యోగంలో చేరాక ఆమె మొదటిసారి నిజం చెప్పింది. జనం ఫోన్లు తెరిచారు.

నాలుగో వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైనవాడు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఈ పడవ ఎక్కించకుండా పంపడు. "ఏంటమ్మా, ఇంతేనా? మా వియ్యంకుణ్ణి ఈ మలుపు కోసమే తీసుకొచ్చాను. శిల్పి పెళ్ళాం కథేదీ?"

"ఇవాళ గొంతు బాలేదండీ."

"నీ గొంతు బాగోకపోతే నా గొంతుంది. నాకు కంఠతా వచ్చు, ఇలా ఇవ్వు."

ఇవ్వను అనడానికి ఒక క్షణం ఉంది. ఆ క్షణంలో మైకమ్మ వదిన వైపు చూసింది. వదిన కుతూహలంగా ముందుకు వంగి ఉంది. మైకు చేతులు మారింది.

ఆయన బాగా చెప్పాడు. ఆమె ఆగే చోటల్లా ఆగాడు, ఆమె గొంతు తగ్గించే చోటల్లా తగ్గించాడు. రేపు, రేపు అన్న చోట వదిన ఇంకా నవ్వుతూనే ఉంది. "ఆవిడ మొహం చెక్కేదాకా నీ మొహం నాకు చూపించకు" అన్న చోట నవ్వు పెదాల మీద నిలబడిపోయింది. ఆయన ఉలి సంచి భుజాన వేసుకుంటున్నట్టు నటించి, తల పక్కకు వంచి, "సరే మహారాణీ" అన్నాడు.

వదిన మైకమ్మ వైపు చూసింది. అరిచినా, లేచి వెళ్ళిపోయినా బాగుండేదని మైకమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది. అద్దం మీద గీత ఎక్కడుందో వెతికేటప్పుడు చూసినట్టు, కళ్ళు కాస్త చిన్నవి చేసి చూసింది, అంతే.

"తప్పు శిల్పిదనేవాళ్ళు?" అన్నాడు మేనేజరు. ఒకటీ అరా. "పెళ్ళానిదనేవాళ్ళు?"

కొంగలు లేచాయి. బిల్లుల అమ్మాయి చెయ్యి అందరికన్నా ముందు లేచింది. "నోటి దురుసు. ఇంకేముంది?" అంది. వదిన కళ్ళజోడు సరిచేసుకుంది. తర్వాత ఆవిడ చెయ్యి కూడా మెల్లగా లేచింది.

"చూశారా బావగారూ, ఎప్పుడూ ఇంతే," అన్నాడు మేనేజరు తన వియ్యంకుడితో సంతోషంగా.

తిరుగు ప్రయాణం ఎదురు. సాగదీయడానికి ఆమె దగ్గర వాక్యాలు లేవు. గొంతు బాలేదట పాపం అని ఎవరో ఒక చాక్లెట్ ఇచ్చారు. చప్పరించలేక, ఉమ్మలేక, బుగ్గన పెట్టుకుని నిలబడింది. గుళ్ళకు వీపు పెట్టి నిలబడే ఉద్యోగంలో కళ్ళు తిప్పుకోవడానికి చోటుండదు.

రేవులో అందరూ వెళ్ళిపోయినా వదిన ఆగింది. మైకమ్మ వైరు చుట్టలు చుట్టి, డబ్బాలో పెట్టి, తాళం వేసి వచ్చేదాకా బల్ల మీద కూర్చుంది. ఇద్దరూ ఇంటి దారి పట్టారు. సైకిళ్ళ కొట్టు దాటారు.

"నువ్వెందుకు ఎత్తావు వదినా?" అంది మైకమ్మ.

"మా వాళ్ళంతా ఎత్తారు. నేనొక్కదాన్నీ ఎత్తకపోతే ఎందుకని అడగరూ?" ఇంకొంత దూరం నడిచి, "మైకు లేకుండా అక్కడ కూర్చునుంటే నువ్వూ ఎత్తేదానివా?" అంది.

"వదినా, ఆ రోజు పడవ ఇసుకలో..."

"పడవ సంగతి అడగలేదు."

కూరగాయల బండి వాడు వాళ్ళకు దారిచ్చి పక్కకు జరిగాడు. మైకమ్మ నేల చూపులు చూసింది. "ఎత్తేదాన్ని," అంది.

వదిన తల ఊపింది. కోపం కనిపించలేదు. "ఆ రోజు నిన్నడిగాను కదా, దుప్పటి మడత పెడుతూ. అప్పుడు చెప్పాల్సింది. నీ తప్పే వదినా అనాల్సింది. నేను నిన్ను నాలుగు తిట్టేదాన్ని, నువ్వు నన్ను నాలుగు తిట్టేదానివి, ఇద్దరం ఏడ్చేవాళ్ళం. అక్కడితో అయిపోయేది. నన్ను ఊరుకోబెట్టి ఊరందర్నీ అడిగొచ్చావు."

"తప్పయిపోయింది వదినా."

"సర్లే." గుమ్మం ముందు చెప్పులు విప్పుతూ, తలుపు వైపే చూస్తూ అంది. "మిగతాదంతా ఎలా చెప్పుకున్నా ఫర్వాలేదు. 'సరే మహారాణీ' ఒక్కటీ నాకు ఉంచాల్సింది. అది నాకన్నాడు."

మైకమ్మ మర్నాడే యజమాని దగ్గరికి వెళ్ళి ఆ కథ ఇక చెప్పనంది. "నువ్వు చెప్పకపోతే రెండో పడవ పిల్ల చెప్తుంది. ఆ పిల్ల మానేస్తే జనమే చెప్పుకుంటారు," అన్నాడాయన. ఆ మాట నిజమేనని అదే వారం తేలింది. మలుపు దగ్గర ఆమె నోరు మూసుకుని నిలబడితే, వెనక వరసలోంచి ఎవరో పక్కవాళ్ళకి మొదలుపెట్టారు. అనగనగా ఒక శిల్పి. ఆమె తిరిగి చూసింది. అన్నేళ్ళలో మొదటిసారి ఆ విగ్రహాన్ని తీరిగ్గా చూసింది. నున్నటి రాయి. ఎవరి మొహం కావాలంటే వాళ్ళ మొహం పెట్టుకోవచ్చు. తను ఎవరి మొహం పెట్టిందో తనకు తెలుసు.

ఇంట్లో ఏ గొడవా జరగలేదు. వదిన ఎప్పట్లాగే వండింది, వడ్డించింది, ఆమె గొడుగు వెతికి పెట్టింది. సాయంత్రాలు చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్తుంది. "ఇవాళ దుకాణంలో ఎవరొచ్చారు వదినా?" అని మైకమ్మ అడుగుతుంది. "ఎవరొస్తారు, మామూలే," అంటుంది వదిన. ఒకసారి అలవాటు కొద్దీ, "ఇవాళ ఒకావిడ వచ్చింది పిల్లా, ఆవిడ ముక్కు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. మైకమ్మ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఎదురుచూసింది. "పులుసు పొయ్యనా?" అంది వదిన.

ఒక సెలవు రోజున మైకమ్మ దండెం మీది దుప్పట్లు తీసి లోపలికి తెచ్చింది. ఒకదాని రెండు కొసలు పట్టుకుని, రెండో వైపు వదిన అందుకుంటుందని చాచి నిలబడింది.

"పర్లేదు, ఇలా ఇవ్వు," అంది వదిన. దుప్పటి తీసుకుని, మధ్య చూసుకుని, గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులతో రెండు కొసలూ కలుపుకుంటూ ఒక్కతే మడత పెట్టింది. అలా పట్టుకున్నప్పుడు మాట్లాడటం కుదరదు. మైకమ్మ ఖాళీ చేతులతో బీరువా పక్కన నిలబడి, మడతలు ఒక్కొక్కటే ఆ తలుపుల్లేని అరలోకి వెళ్ళడం చూసింది.